కొండల్లో ఇద్దరం, రెండు సైకిళ్ళు: బరువు పంచుకున్న ట్రిప్ డైరీ

బయల్దేరే ముందు: గేర్ల పని

ఈ ట్రిప్‌కి మేం అన్నిటికన్నా ఎక్కువ టైం పెట్టింది గేర్ల మీదే. మా రెండు సైకిళ్ళకీ ముందు 50/34, అంటే పెడల్ దగ్గర 50, 34 పళ్ళ చక్రాలు, వెనక 11-32 క్యాసెట్, అంటే 11 నుంచి 32 పళ్ళ దాకా తొమ్మిది చక్రాల కట్ట, అదే తొమ్మిది స్పీడ్. అన్నిటికంటే తేలిక గేరు అంటే 34 బై 32, అంటే 1.06, మా టైరు ఒక చుట్టు తిరిగితే 2.18 మీటర్లు కాబట్టి పెడల్ ఒక్క రౌండ్‌కి సైకిల్ 2.32 మీటర్లు వెళ్తుంది. ఖాళీ సైకిల్ మీద అయితే ఇది చాలు. బ్యాగులన్నీ కట్టుకుని నిలువు ఎక్కుడులో పడితే స్పీడు గంటకి 6 కి.మీ కూడా కష్టమే, ఆ స్పీడులో ఈ గేరుతో పెడల్ నిమిషానికి 43 సార్లు తిరుగుతుంది, అంత నెమ్మదిగా తిప్పుతున్నామంటే ప్రతి తొక్కుడుకీ మోకాలి మీద బలం పెట్టి నొక్కుతున్నట్టే, గంటల తరబడి అలా నొక్కితే మర్నాడు మెట్లు దిగడం కూడా కష్టం.

అందుకని ముందు 46/30, వెనక 11-36 వేశాం. 30 బై 36 అంటే 0.83, ఒక్క రౌండ్‌కి 1.82 మీటర్లు. అదే 6 కి.మీ స్పీడులో ఇప్పుడు పెడల్ 55 సార్లు తిరుగుతుంది. చేసే పని మొత్తం అంతే, కానీ ఒక్కో తొక్కుడుకి పెట్టాల్సిన బలం ఐదో వంతు పైనే తగ్గింది.

క్యాసెట్ మార్చితే అక్కడితో అయిపోదు. పాత రియర్ డిరైలర్, అంటే వెనక చైన్‌ని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదానికి మార్చే భాగం, 36 పళ్ళ చక్రాన్ని అందుకోలేదు, పైగా చైన్‌ని అంత దూరం చుట్టి పట్టుకునే కెపాసిటీ కూడా దానికి లేదు. లెక్క సింపుల్, ముందు తేడా 46 లోంచి 30 పోతే 16, వెనక తేడా 36 లోంచి 11 పోతే 25, మొత్తం 41, అంతకి తగ్గని కెపాసిటీ ఉన్న లాంగ్ కేజ్ (చైన్‌ని లాగి పట్టే చెయ్యి పొడవుగా ఉండే) డిరైలర్ కావాలి. షిమానో తొమ్మిది స్పీడులో రోడ్ సైకిల్ షిఫ్టర్‌కి (గేరు మార్చే లివర్) మౌంటెన్ బైక్ డిరైలర్ పెట్టినా కేబుల్ లాగే కొలత ఒకటే కాబట్టి కరెక్టుగా పనిచేస్తుంది, ఆ తర్వాత వచ్చిన మౌంటెన్ బైక్ సిరీసుల్లో ఆ కొలత మారిపోయింది. పాత తొమ్మిది స్పీడ్ సైకిల్ ఉన్నవాళ్ళకి ఇది నిజంగా వరం, దయచేసి కొత్త షిఫ్టర్ల మీద డబ్బులు పెట్టే ముందు ఇది ఒకసారి చూసుకోండి. చైన్ పొడవుకి ముందు పెద్ద పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం మీదుగా, డిరైలర్‌లో దూర్చకుండా, చైన్ చుట్టి రెండు లింకులు కలిపాం. ముందు పళ్ళ చక్రం చిన్నదయింది కాబట్టి ఫ్రంట్ డిరైలర్‌ని కూడా కిందికి దించి, పళ్ళకీ కేజ్‌కీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉండేలా బిగించాం.

ఈ పని చేస్తున్నంతసేపూ పాల్ ద వివీ గుర్తొచ్చాడు. వెలోసియో అనే పేరుతో రాసేవాడు, ఫ్రాన్స్‌లో సెంటెటియెన్ ఊర్లో ఉండి, సైకిల్‌కి ఒకటే గేరు ఉండాలని పెద్దపెద్దోళ్ళు వాదించే రోజుల్లో గేర్లు మార్చుకునే సైకిల్ కోసం జీవితాంతం పోరాడాడు. ఆయన 1930లో పోయాడు, టూర్ ద ఫ్రాన్స్‌లో డిరైలర్లు ఒప్పుకున్నది 1937లో. కొండ ఎక్కడానికి చిన్న గేరు వాడటం చేతకానితనం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకి ఆయన కథ చెప్పాలనిపిస్తుంది.

లగేజీ

టెంటు, స్టవ్, టూల్స్, స్పేర్లు, బట్టలు, నీళ్ళు. అన్నీ నేల మీద పరిచి చెరి సగం చేశాం. సైకిల్, మనిషి, సామాను కలిపి తూచితే నేను 102 కేజీలు, నాతో వచ్చిన మా వాడు 98. టైర్లు 40 మి.మీ వెడల్పువి, గాలి వెనక 50 పీఎస్ఐ, ముందు 42. వెనక చక్రం మీదే బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి రెండింటికీ ఒకటే గాలి కొట్టడం దండగ, ముందు టైరు గట్టిగా ఉంటే గతుకుల్లో చేతులు తిమ్మిరెక్కడం తప్ప ఒరిగేదేం లేదు.

మొదటి పెద్ద ఘాట్

10 కి.మీ ఎక్కుడు, సగటున 7 శాతం, అంటే 700 మీటర్ల ఎత్తు. గేర్లు అద్భుతంగా పనిచేశాయి, ఎక్కడా దిగి నెట్టాల్సిన పని పడలేదు, మోకాళ్ళు హాయిగా ఉన్నాయి. కానీ నేను పైకి చేరడానికి గంటా పదహారు నిమిషాలు పడితే వాడికి గంటా ముప్పై ఆరు పట్టింది. పైన గాలి చల్లగా ఉంది, వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కదా, చెమట తడి ఒంటి మీదే ఆరి నాకు వణుకు మొదలైంది, జాకెట్ వేసుకుని అటూ ఇటూ నడుస్తూ ఉన్నా. వాడు రొప్పుకుంటూ వచ్చి సైకిల్ గోడకి ఆనించగానే నేను అలవాటుగా హెల్మెట్ పెట్టుకున్నా.

"ఒరేయ్, నువ్వు ఇరవై నిమిషాలు రెస్ట్ తీసుకుని ఫ్రెష్‌గా ఉన్నావ్, నేను రాగానే బయల్దేరుతున్నావ్. నాకు రెస్ట్ ఎప్పుడ్రా?"

మాట కరెక్టు. ఇద్దరు కలిసి కొండలు తొక్కేటప్పుడు ఎప్పుడూ ఇదే జరుగుతుంది, స్పీడుగా ఎక్కేవాడికి రెస్ట్ దొరుకుతుంది, దాని అవసరం ఉన్నవాడికి దొరకదు, సాయంత్రానికి గ్యాప్ ఇంకా పెరుగుతుంది. స్పీడుగా ఎక్కేవాడు కావాలని స్లో చేసుకుంటే అని అడగొచ్చు, కొంచెం వరకు ఓకే, కానీ పక్కవాడు నాకోసం తగ్గించుకుంటున్నాడు అని తెలిస్తే వెనకున్నవాడు ఊపిరాడకపోయినా లాగేస్తాడు, అది ఇంకా ప్రమాదం.

ఆ రాత్రి లెక్క

టెంటులో హెడ్‌ల్యాంప్ వేసుకుని లెక్క వేశాం. పవర్ మీటర్ లేదు, అవసరం కూడా లేదు, ఎత్తు, బరువు, పట్టిన టైం తెలిస్తే చాలు. 102 కేజీల్ని 700 మీటర్లు పైకి లేపాలంటే 102 ఇంటూ 9.81 ఇంటూ 700, దాదాపు 700 కిలోజౌల్స్. టైర్లు రోడ్డుతో రాసుకోవడానికి ఇంకో 80 కలుపుకున్నాం. దాన్ని 4,590 సెకన్లతో భాగిస్తే 170 వాట్లు, అది నేను. వాడిది అలాగే చేస్తే 130 వాట్లు. ఘాట్‌లో 7 కి.మీ స్పీడు దగ్గర గాలి అడ్డం లెక్కలోకే రాదు, అంతా బరువే. అంటే ఇద్దరి పవర్‌లో తేడా ఉంది, బరువులో లేదు, చెరి సగం అనేది నేల మీద పరిచినప్పుడు న్యాయంగా కనపడింది కానీ రోడ్డు మీద కాదు.

మరి 8 కేజీలు వాడి దగ్గర్నుంచి నా దగ్గరికి మారిస్తే? నేను 110, వాడు 90. అదే కొండ అదే పవర్‌తో నాకు 82 నిమిషాలు, వాడికి 88. ఇరవై నిమిషాల గ్యాప్ ఆరుకి దిగిపోతోంది. నేను కోల్పోయేది ఆరు నిమిషాలు, వాడికి కలిసొచ్చేది ఎనిమిది. ఈ అంకెలు చూసి ఇద్దరం ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాం, ఇంత తేడా వస్తుందని ఇద్దరం అనుకోలేదు.

వాడు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "నా బరువు నువ్వు మొయ్యడమేంట్రా" అన్నాడు. "నీ బట్టలు నేనేం ముట్టుకోనురా, టెంటు ఇద్దరిదీ, స్టవ్ ఇద్దరిదీ, టూల్స్ ఇద్దరివీ, అవి ఎవరి సైకిల్ మీద ఉంటే ఏంటి" అన్నా. కాసేపు మాట్లాడకుండా కూర్చుని, సరే కానీ రోజూ సాయంత్రం మళ్ళీ లెక్క చూసుకుందాం, నేను బలపడితే నాది నాకు ఇచ్చెయ్యాలి అన్నాడు. ఆ కండిషన్ నాకు బాగా నచ్చింది.

మర్నాడు ఎక్కుడు

వేరే కొండ, కొంచెం పొట్టి, కొంచెం నిలువు. వాడు ముందు, నేను వెనక. నెమ్మదిగా ఎక్కేవాడే ముందుండాలి, అప్పుడు స్పీడు వాడి చేతిలో ఉంటుంది, ఎక్కుడులో వెనక ఉన్నందువల్ల గాలి తప్పించుకునే లాభం ఎలాగూ లేదు. చదునైన రోడ్డు మీద ఎదురుగాలి వస్తే మాత్రం బలమున్నవాడు ముందుకెళ్ళి గాలి కాయాలి. దాదాపు మొత్తం దారి మాట్లాడుకుంటూనే ఎక్కాం, పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నాం అంటే పేస్ కరెక్టుగా ఉన్నట్టే. చివరి మలుపుల్లో కొంచెం విడిపోయాం, అంతే, నేను పైన సైకిల్ ఆపి జాకెట్ జిప్పు పెట్టుకునేలోపు వచ్చేశాడు. ఇద్దరం కలిసి కూర్చుని తిన్నాం. గంటకి 60 గ్రాముల కార్బ్స్ లెక్కన ఆకలి వేసేదాకా ఆగకుండా తింటూ పోవాలి, ఆకలి తెలిసిందంటే అప్పటికే లేటు.

దిగుడులో వణుకు

కొత్త సమస్య వెంటనే వచ్చింది. మారిన 8 కేజీలూ నా వెనక క్యారియర్ మీద పెట్టాం, టెంటు అడ్డంగా పైన, స్టవ్ దాని వెనక. దిగుతుంటే 45 కి.మీ స్పీడు దగ్గర హ్యాండిల్ సన్నగా అటూ ఇటూ ఊగడం మొదలైంది, ఒకటి రెండు సెకన్లలో అది పెద్దదై ఫ్రేమ్ మొత్తం ఊగుతోంది, ముందు చక్రం ఎటు పోతోందో చేతికి తెలియడం లేదు. ఇలాంటప్పుడు హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకుంటే ఊపు ఇంకా పెరుగుతుంది. రెండు మోకాళ్ళతో టాప్ ట్యూబ్‌ని (సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య పై గొట్టం) గట్టిగా నొక్కిపట్టి, సీటు మీద నుంచి కొంచెం లేచి బరువు పెడల్స్ మీదికి దించి, చేతులు వదులు చేసి, వెనక బ్రేకు నెమ్మదిగా వేశా. 30కి దిగగానే ఊగడం ఆగిపోయింది.

కారణం తెలిసినదే, బరువు ఎత్తులో ఉండటం, వెనక ఇరుసు దాటి బయటికి వెళ్ళడం, క్యారియర్ పక్కలకి వంగడం, ఈ మూడూ కలిస్తే ఫ్రేమ్ మెలికలు తిరుగుతుంది. రోడ్డు పక్కన బ్యాగులన్నీ విప్పేశాం. నా ఫోర్క్‌కి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్ళకి, బ్యాగులు కిందగా తగిలించే లో రైడర్ రాక్ ఉంది, అప్పటిదాకా దానికి రెండు చిన్న బ్యాగులే తగిలించుకున్నా. టూల్స్, స్టవ్, నీళ్ళు అక్కడికి మార్చాం, ఎడమా కుడీ సమానంగా, చక్రం ఇరుసు ఎత్తులో. టెంటు లోంచి పోల్స్ విడిగా తీసి ఫ్రేమ్‌కి కట్టి, గుడ్డ భాగం వెనక ప్యానియర్ (క్యారియర్ పక్కన వేలాడే బ్యాగు) అడుక్కి కుక్కాం. క్యారియర్ పైన ఇంక ఎండేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత హ్యాండిల్ తిప్పడానికి బరువుగా అనిపిస్తుంది, తక్కువ స్పీడులో మలుపు తిరిగేటప్పుడు అలవాటు పడాలి, కానీ 50 దాటినా సైకిల్ గీత గీసినట్టు పోతోంది. రోడ్డు గతుకులు చూసుకుంటే చాలు.

నీళ్ళు నా దగ్గరే ఉంచడంలో ఇంకో లాభం ఉంది, తాగేకొద్దీ నా బరువే తగ్గుతుంది, మధ్యాహ్నానికి నేను అలసిపోయే టైంకి మూడు కేజీలు దానంతటదే దిగిపోయి ఉంటుంది.

బ్రేకులు

110 కేజీలు 700 మీటర్లు దిగితే 755 కిలోజౌల్స్ ఎక్కడికో అక్కడికి పోవాలి. రెండు లీటర్ల చన్నీళ్ళని మరిగించేంత వేడి అది. కొంత గాలి, కొంత టైర్ల రాపిడి తీసుకుంటాయి, మిగతాదంతా బ్రేకులే. భయపడి 20 కి.మీ స్పీడులో బ్రేకు నొక్కిపట్టే దిగితే గాలి తీసుకునే వాటా చాలా తక్కువ, వేడిలో ఎక్కువ భాగం ప్యాడ్ల మీదే పడుతుంది, అందుకే నెమ్మదిగా దిగడం సేఫ్ అనేది సగమే నిజం. మేం చేసేది ఇది: తిన్నగా ఉన్న చోట వదిలెయ్యడం, మలుపుకి ముందే, సైకిల్ ఇంకా నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి స్పీడు దించెయ్యడం, మలుపులో వదిలేసి తిరగడం, మళ్ళీ బ్రేకులకి గాలి తగలనివ్వడం. వాడివి రిమ్ బ్రేకులు, వాటితో ఇంకా జాగ్రత్త, రిమ్ బాగా వేడెక్కితే లోపల గాలి ప్రెషర్ పెరుగుతుంది, పాత ప్యాచ్‌లు ఊడొచ్చు. అందుకే పొడవాటి దిగుడుల్లో మధ్యలో ఆగి వేలితో రిమ్ అంటుకుని చూసుకుంటున్నాం, వేలు ఆనించి ఉంచలేకపోతే అక్కడే కాసేపు కూర్చోవడమే. వాడి సైకిల్ 90 కేజీలకి దిగడం ఇక్కడ కూడా పనికొచ్చింది.

నావి కేబుల్ డిస్కులు. పెద్ద దిగుడు అయ్యేసరికి బ్రేకు లివర్ హ్యాండిల్‌కి దగ్గరగా వచ్చేస్తోంది. ప్యాడ్ అరిగేకొద్దీ లోపలి వైపు ప్యాడ్‌ని దాని స్క్రూతో రోటర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కు) దగ్గరికి జరపాలి, కేబుల్ ఒక్కటే బిగించుకుంటూ పోతే బయటి ప్యాడ్ ఒక్కటే పనిచేసి రోటర్‌ని వంచుతుంది. ప్యాడ్లు బయటికి తీస్తే ముఖం అద్దంలా మెరుస్తోంది, గరుకు కాగితం నేల మీద పెట్టి, ప్యాడ్‌ని దాని మీద ఎనిమిది ఆకారంలో రుద్ది, మెరుపు పోయి మట్టి రంగు వచ్చాక మళ్ళీ పెట్టా, కీచుమనే సౌండ్ పోయింది. అర మిల్లీమీటరుకి వస్తే మార్చెయ్యాలి, నావి ఇంకా దాదాపు రెండున్నర ఉన్నాయి.

వాన

పొద్దుట్నుంచి రాత్రి దాకా వాన. రాయడానికి పెద్దగా లేదు. తడి రోడ్డు మీద ప్యాడ్లు పొడి రోడ్డు కంటే చాలా స్పీడుగా అరిగిపోతాయి, ఇసుక రిమ్‌ని గీకేస్తుంది, ఆగిన ప్రతి చోటా వాడి రిమ్‌లు గుడ్డతో తుడిచాం. సాయంత్రం చైన్ తుడిచి ఆరాక ఆయిల్ వేశాం, ఒక్కో రోలర్‌కి ఒక్క చుక్క.

స్పోక్

ఎక్కుడులో నిలబడి తొక్కుతుంటే వెనక నుంచి టింగ్ మని సన్నటి సౌండ్. దిగి వెనక చక్రం తిప్పితే ఒక చోట ఎడమ వైపుకి తన్నుకొస్తోంది. క్యాసెట్ వైపు స్పోక్, హబ్ (చక్రం మధ్య భాగం) అంచు దగ్గర వంపులో విరిగింది. ఎక్కువగా విరిగేది అక్కడే, ఎందుకంటే క్యాసెట్‌కి చోటివ్వడం కోసం కుడి వైపు స్పోకులు దాదాపు నిలువుగా ఉంటాయి, రిమ్‌ని మధ్యలో ఉంచడానికి వాటిని ఎడమ వాటికంటే చాలా బిగుతుగా లాగాలి, లోడు పెరిగినకొద్దీ వంపు దగ్గర లోహం అలసిపోతుంది.

కొత్త స్పోక్ వెయ్యాలంటే క్యాసెట్ ఊడదీయాలి, దానికి చైన్ విప్ (క్యాసెట్ తిరగకుండా పట్టే టూల్), పెద్ద స్పానర్ కావాలి, రోడ్డు మీద అవి లేవు. కెవ్లార్ తాడు స్పోక్ ఒకటి బ్యాగులో ఉంది, చుట్టి పెడితే బొటనవేలంత. విరిగిన ముక్క తీసేసి, తాడుని హబ్ రంధ్రంలోంచి దూర్చి, నిపుల్ (రిమ్ దగ్గర స్పోక్‌ని బిగించే చిన్న నట్టు) వైపు చిన్న మెటల్ ముక్క ఎక్కించి, చేత్తో బిగుతుగా లాగి ముడేసి, నిపుల్ తిప్పుతూ బిగించడమే. చక్రం సరిచెయ్యడానికి స్టాండ్ ఎక్కడుంటుంది, సీట్ స్టేకి (సీటు కింది నుంచి వెనక ఇరుసు దాకా వచ్చే గొట్టం) ఒక జిప్ టై కట్టి దాని కొసని రిమ్‌కి మిల్లీమీటరు దూరంలో కోసేశాం, చక్రం తిప్పితే ఎక్కడ తగులుతుందో కళ్ళ ముందే కనిపిస్తుంది. వాడు చక్రం తిప్పుతున్నాడు, నేను ఆ పక్కన ఉన్న ఎడమ స్పోకులు రెండూ అర చుట్టు వదులు చేసి, కుడి పక్కవి పావు పావు బిగించా. తర్వాత ఒక్కో స్పోక్‌ని గోటితో మీటి విన్నాం, ఒకే వైపువి దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి, మందంగా పలికింది వదులుగా ఉన్నట్టు. వాడి చెవి నాకంటే చాలా మంచిది, నాకు వినపడని తేడాలు పట్టుకుని రెండు స్పోకులు చూపించాడు, అవి సరిచేశాక చక్రం నిజంగానే తిన్నగా తిరిగింది.

ఆ సాయంత్రం లెక్క మళ్ళీ మార్చాం. నా వెనక చక్రం మీద లోడు తగ్గించాలి, పైగా వాడు ఈ కొండల్లో బాగా బలపడ్డాడు, ఆ రోజు పొద్దున్న ఎక్కుడులో నన్ను వెనకేసుకుని రెండు కి.మీ ఆగకుండా లాగాడు. టెంటు గుడ్డ, పోల్స్ కలిపి మూడు కేజీలు వాడికి వెళ్ళాయి. కండిషన్ ప్రకారమే అంటూ వాడే లాక్కుని వాడి బ్యాగులో కుక్కుకున్నాడు, మొహం వెలిగిపోతోంది.

ఆఖరి కనుమ దాటాక: పార్టుల పరిస్థితి

చైన్లు కొలిచాం. స్టీల్ స్కేలు పెట్టి ఒక పిన్ను నుంచి దాని తర్వాత 24వ పిన్ను దాకా కొలిస్తే కొత్తగా ఉన్నప్పుడు 304.8 మి.మీ ఉండాలి, నాది 306 దాకా వచ్చింది, వాడిది దాదాపు 305.5. తొమ్మిది స్పీడుకి ముప్పావు శాతం సాగితే, అంటే 307 దాటితే మార్చెయ్యాలి, కాబట్టి రెండింటికీ ఇంకా ఆయుష్షు ఉంది, నా మీద బరువు ఎక్కువ పడిన లెక్క చైన్‌లో కూడా కనిపిస్తోంది. డిస్క్ ప్యాడ్లు రెండు మిల్లీమీటర్లలోపు, ముందువి ఇంకా తక్కువ. వాడి రిమ్ ప్యాడ్లు వాన రోజు తర్వాత గాడి కనపడనంతగా అరిగాయి, స్పేర్ జత వేసేశాం. తాడు స్పోక్ అక్కడినుంచి చివరిదాకా పట్టింది, చక్రం జిప్ టైకి తగల్లేదు.

మిగిలిన పని: నా వెనక చక్రం 32 స్పోకుల హబ్ తీసేసి 36 స్పోకులతో కొత్తగా అల్లాలి, చివర్లు లావుగా మధ్యలో సన్నగా ఉండే బటెడ్ స్పోకులతో, అవి కొంచెం సాగుతాయి కాబట్టి వంపు దగ్గర దెబ్బ తక్కువ పడుతుంది. వాడి ఫోర్క్‌కి కూడా లో రైడర్ రాక్ బిగించాలి. నెక్స్ట్ టైం స్టవ్ కూడా తనే మోస్తానంటున్నాడు, ముందు రాక్ వచ్చాక ఇద్దర్నీ మళ్ళీ అదే 10 కి.మీ ఘాట్ మీద టైం పెట్టి చూసి అప్పుడు తేల్చుకుంటాం.